అనుదినాహారము – రాబర్టు మెక్‌షేన్ గారి జీవితము



మన డయోసిస్ నూరు సంవత్సరములు పూర్తి చేసికొనిన ఈ సంతోష సమయమున వెలువడుచున్న ఈ సంచికలో మన పితరులను గూర్చియు, మిషనెరీలను గూర్చియు, మన గుడులు, బడులు, ఆసుపత్రులు వెలసిన విధమును గూర్చియు అనేకులు వ్రాయుచున్నారు. మమ్మును కూడ ఒక వ్యాసము వ్రాయుమని సంపాదక వర్గమువారు కోరినప్పుడు మేము చాల దినములు ఆలోచించి, మన దేశమును ఎన్నడును చూడకయే 29 సంవత్సరముల ప్రాయమున ప్రభువునందు నిద్రించిన ఒక స్కాట్లండు దేశపు గురువును గూర్చి వ్రాయుటకు నిశ్చయించుకొంటిమి. అందుకు కారణమేమో ముందుగా చెప్పవలెను.

కొన్ని సంవత్సరముల క్రిందట మేమొక గ్రామ సంఘములో పరిచర్య చేయుచుండగా, చదువురాని ఒక అవ్వను దర్శించుటకు వెళ్లితిమి. ఆమె మనుమడు ప్రతి రాత్రియు ఆమెకు బైబిలు చదివి వినిపించుచుండెడివాడు. సమూయేలు రెండవ గ్రంథములో అబ్షాలోము తండ్రిమీద తిరుగబడిన చోటువరకు వచ్చునప్పటికి బడులు తెరచిరి. పిల్లవాడు హాస్టలుకు వెళ్లిపోయెను. మేము కూర్చొనగానే ఆ అవ్వ క్షేమ సమాచారములైనను అడుగక, ఆ కుమారుడు ఏమయ్యెను, తండ్రి యొద్దకు మరల చేరెనా అని అడిగెను. మేము జరిగినది చెప్పితిమి. ఆమె కొంగుతో కన్నులు తుడుచుకొని, తరువాత దావీదు ఏమి చేసెను, ఆ తరువాత రాజ్యము ఎవరికి వచ్చెను, ఆ తరువాత ఏమి జరిగెనని ఒకదాని వెంట ఒకటి అడుగసాగెను. కొంతవరకు చెప్పగలిగితిమి, కొంత తడబడితిమి. వేదాంత కళాశాలలో చదివి పట్టము పుచ్చుకొనిన మేము, ప్రసంగములకు కావలసిన భాగములు తప్ప, ఆ గ్రంథములను వరుసగా చదివి ఎన్ని సంవత్సరములైనదో ఆ సాయంకాలము మోటారు సైకిలు మీద తిరిగి వచ్చుచు లెక్కపెట్టుకొని సిగ్గుపడితిమి.

మనలో అనేకుల సంగతి ఇట్టిదే. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఈ యేడు బైబిలు పూర్తిగా చదువుదుమని ప్రభువునకు మాట యిత్తుము. ఆదికాండము ఆనందముగా సాగును. నిర్గమకాండములో ఎఱ్ఱసముద్రము దాటుదుము. ప్రత్యక్షగుడారపు పలకలు, దిమ్మలు వచ్చునప్పటికి అడుగు మందగించును. లేవీయకాండపు బలుల యొద్ద ఆగిపోవుదుము. వచ్చే జనవరికి మరల ఆదికాండమే. ఇట్లు సృష్టి వృత్తాంతమును ఇరువది మారులు చదివి, హబక్కూకును ఒక్కమారైనను చదువని విశ్వాసులు మన సంఘములలో కొదువ లేరు. ఈ కష్టమును బాగుగా ఎరిగి, తన సంఘముకొరకు ఒక మార్గము సిద్ధపరచిన వాడే రాబర్టు మర్రీ మెక్‌షేన్ గారు.

బాల్యము, అన్న మరణము

మెక్‌షేన్ గారు 1813 మే 21న స్కాట్లండు రాజధానియైన ఎడింబరో పట్టణములో జన్మించిరి. తండ్రి ఆదాము గారు పేరుగాంచిన న్యాయవాది. ఐదుగురు సంతానములో రాబర్టు కడగొట్టువాడు. నాలుగేండ్ల ప్రాయమున జబ్బుపడి కోలుకొనుచుండగా, ప్రొద్దుపోవుటకని గ్రీకు అక్షరములు నేర్చుకొని పలకమీద వ్రాసెనట. తెలివి, చక్కని కంఠము, బొమ్మలు గీయు నేర్పు, పద్యములల్లు శక్తి, ఇవన్నియు ఆయనకు చిన్ననాటనే అబ్బెను. 1827లో ఎడింబరో విశ్వవిద్యాలయములో చేరిరి. గుడికి వెళ్లుట, మర్యాదగా నడచుకొనుట అలవాటేగాని, ఆ దినములలో ఆయన మనస్సు విందులమీదను, పాటలమీదను, స్నేహితులమీదను ఉండెను. బైబిలు ఇంట నుండెను, హృదయములో లేకుండెను.

ఆయన పెద్దన్న డేవిడు భక్తిపరుడు. తమ్ముని రక్షణ కొరకు ప్రార్థించుచు వచ్చెను. 1831 జులై 8న ఆ యన్న జ్వరముతో మరణించెను. పదునెనిమిదేండ్ల రాబర్టుకు ఆ మరణము మేలుకొలుపు అయ్యెను. అటు తరువాత ప్రతి సంవత్సరము ఆ దినమును జ్ఞాపకము చేసికొనుచు, చావని అన్నను వెదకుటకు ఆ దినమే తాను మొదలుపెట్టితినని ఆయన తలంచుచుండెను. ఆ సంవత్సరము చివరనే గురువృత్తికి సిద్ధపడుటకు వేదాంత విద్యలో ప్రవేశించిరి.

అక్కడ ఆయన గురువు ప్రఖ్యాతుడైన డాక్టరు థామస్ చామర్స్ గారు. విద్యార్థులు పుస్తకములకే పరిమితము కాక, పట్టణములోని మురికివాడలలో బీదల యిండ్లను దర్శింపవలెనని ఆయన ప్రోత్సహించెను. యువకుడైన మెక్‌షేన్ ఆ సందులలో ప్రవేశించి, తమ యింటికి కూతవేటు దూరములోనే ఇంత దారిద్ర్యము, ఇంత అజ్ఞానము ఉన్నవని మొదటిసారి కన్నులార చూచెను. ఆండ్రూ బోనార్, హొరేషియస్ బోనార్, అలెగ్జాండరు సొమర్విల్ మొదలగు స్నేహితులు ఆయనతో కలసి శనివారము తెల్లవారుజామున కూడుకొని, హెబ్రీ, గ్రీకు భాషలలో లేఖనములను పరిశీలించుచుండిరి. తరువాతి కాలములో ఆయన మిక్కిలి అలసియున్నప్పుడు కూడ మూలభాషలోని వాక్యముతో దినమును ఆరంభించుటకు ఈ అలవాటే పునాది.

ఇండియాకు రావలెనను కోరిక

1835 జులైలో ప్రసంగించుటకు అనుమతి పొంది, ఆ నవంబరులో లార్బర్టు అను చోట సహాయ గురువుగా పని మొదలుపెట్టిరి. గనులలోను, ఇనుప కార్ఖానాలలోను పనిచేయువారు నివసించు ప్రాంతమది. ఇల్లిల్లు తిరిగి, ఒక్కొక్క కుటుంబమును గూర్చి చిన్న పుస్తకములో వ్రాసికొని, ఏ యింట ఏ వాక్యము చెప్పినదియు గురుతుంచుకొనుచుండిరి.

ఆ దినములలో కలకత్తా మిషనెరీ డాక్టరు అలెగ్జాండరు డఫ్ గారు స్వదేశమునకు వచ్చి, హిందూదేశములోని సేవను గూర్చి ఊరూర ప్రసంగించుచుండిరి. 1836లో మెక్‌షేన్ గారు స్టర్లింగు పట్టణమునకు వెళ్లి ఆ ప్రసంగము వినిరి. ప్రభువు ద్వారము తెరచిన యెడల ఇండియాకు వెళ్లుటకు తాను సిద్ధమని అప్పుడు తన దినచర్య పుస్తకములో వ్రాసికొనిరి. ఆ ద్వారము తెరువబడలేదు. ఆయన దేహమా, మొదటినుండియు బలహీనమైనది. ఊపిరితిత్తులలోను, గుండెలోను బాధ తరచుగా కనిపించుచుండెను. ఆయన మన దేశమునకు రాలేదు గాని, ఆయన వ్రాసిన ఒక చిన్న పట్టిక వచ్చినది. దానిని గూర్చి ముందు చెప్పెదము.

డండీ పట్టణములో

1836 నవంబరు 24న డండీ పట్టణములోని సెయింట్ పీటర్సు అను క్రొత్త దేవాలయమునకు ఆయన గురువుగా అభిషేకింపబడిరి. వయస్సు 23. డండీ టే నది ఒడ్డున నారబట్టల మిల్లులు నిండియున్న పట్టణము. తరువాతి కాలములో మన బెంగాలు జనుమును నేసి లోకమంతటికి గోనెగుడ్డలు పంపినది ఈ డండీయే. పాస్టరేటు జనము సుమారు 4,000. వారిలో అనేకులు గుడి గడప త్రొక్కనివారు. చిన్నపిల్లలు సహితము తెల్లవారకముందే మిల్లులకు పోయి, చీకటిపడిన తరువాత తిరిగి వచ్చుచుండిరి. దేవాలయములో సుమారు 1,100 మంది కూర్చొను స్థలముండెను. కొద్ది కాలములోనే అది నిండిపోయెను.

అక్క ఎలైజా గారు ఆయనతో నుండి యింటి వ్యవహారములు చూచుచుండిరి. మెక్‌షేన్ గారు వేకువనే లేచి, కీర్తన పాడి, వాక్యము చదివి, ప్రార్థించిన పిమ్మటనే మనుష్యుల ముఖము చూచుట నియమముగా పెట్టుకొనిరి. ఇచ్చట మేము ఒక సంగతి గమనించితిమి. ఆయన బైబిలును ప్రసంగము దొరకునేమో యని తెరువలేదు. మొదట తన ఆత్మకు ఆహారము కొరకు తెరచెను. తాను తినని రొట్టెను ఇతరులకు విరిచి పంచుట కాపరికి తగదని ఆయన అభిప్రాయము. గురువులమైన మాకు ఈ మాట బాకువలె గ్రుచ్చుకొనును.

గురువారము సాయంకాలము ఆయన ఆరంభించిన ప్రార్థన కూటమునకు సుమారు 800 మంది వచ్చుచుండిరి. పిల్లలకొరకు సండే స్కూళ్లు స్థాపించిరి. రోగుల పడకలయొద్దకు వెళ్లుటలో ఆయన ఎన్నడును వెనుదీయలేదు. ఈ శ్రమకు ఆ బలహీన శరీరము తాళలేక, 1838 చివర గుండెదడ ఎక్కువై, వైద్యులు విశ్రాంతి తీసికొనవలెనని గట్టిగా చెప్పిరి. ఎడింబరోలోని తండ్రి యింట పడకమీద నుండి తన సంఘమునకు పది ఉత్తరములు వ్రాసిరి. దూరముననుండియు తన మంద ఏమి తినుచున్నదోయని చింతించు కాపరి హృదయము ఆ ఉత్తరములలో కనబడును.

యాకోబు బావి

ఆ విశ్రాంతి కాలములోనే స్కాట్లండు సంఘము యూదుల స్థితిగతులను తెలిసికొని వచ్చుటకు నలుగురు గురువులను పంపెను. పెద్దలు డాక్టరు బ్లాక్, డాక్టరు కీత్ గార్లు. పిన్నలు ఆండ్రూ బోనార్, మెక్‌షేన్ గార్లు. 1839లో వారు ఫ్రాన్సు, ఇటలీ, ఐగుప్తు దేశముల మీదుగా, ఒంటెలపై ఎడారి దాటి పరిశుద్ధ దేశము చేరిరి. బైబిలులో చదివిన కొండలను, ఊళ్లను కన్నులతో చూచుచు, ఆయా స్థలములయొద్ద ఆయా అధ్యాయములను తెరచి చదువుకొనిరి.

సమరయలోని సుఖారు దగ్గర యాకోబు బావిని చూడబోయినప్పుడు ఒక వింత జరిగెను. బోనార్ గారు బావిలోనికి తొంగిచూచుచుండగా, ఆయన బట్టలలోనున్న బైబిలు జారి అందులో పడిపోయెను. బావి లోతు సుమారు 75 అడుగులు. తీయుటకు సాధనము లేక, విచారముతో ముందుకు సాగిరి. నాలుగేండ్ల తరువాత, 1843లో, బొంబాయి మిషనెరీ డాక్టరు జాన్ విల్సను గారు స్వదేశమునకు పోవుచు ఆ దారిన వచ్చి, ఒక మనుష్యుని త్రాళ్లతో ఆ బావిలోనికి దింపించి, అడుగున బురదలో నున్న ఆ బైబిలును పైకి తీయించిరి. ఇది కల్పిత కథ కాదు, జరిగిన సంగతి. మన యిండ్లలో బీరువా మీదను, దిండుక్రిందను పడియున్న బైబిళ్లకు కూడ ఎవరో ఒకరు త్రాడు వేసి దింపవలసియున్నదని, ఈ సంగతి చదివినప్పుడెల్ల మాకు తోచును.

తిరుగు ప్రయాణములో మెక్‌షేన్ గారికి తీవ్రమైన జ్వరము తగిలి, స్ముర్న పట్టణము దగ్గర చావు బ్రదుకుల మధ్య నుండిరి. తన కొరకు తాను చేయగలిగినది ఏమియు లేక, తన మంద కొరకు మాత్రము ప్రార్థించుచుండిరి. సరిగా ఆ దినములలోనే స్వదేశమున ఉజ్జీవము రగిలెను. ఆయనకు బదులుగా డండీలో పనిచేయుచున్న విలియం చామర్స్ బర్న్స్ అను 24 ఏండ్ల యువకుడు జులైలో కిల్సైతు అను చోట ప్రసంగించుచుండగా ఆ ఉజ్జీవము ఆరంభమై, ఆగస్టులో సెయింట్ పీటర్సు సంఘమును తాకెను. నవంబరులో మెక్‌షేన్ గారు ఇల్లు చేరునప్పటికి, వారము వారము జరుగు ప్రార్థన కూటములు 39 వెలసియుండెను. వాటిలో ఐదు కేవలము చిన్నపిల్లలే నడుపుకొనుచుండిరి.

మూడు సంవత్సరములు తాను చెమటోడ్చిన పొలములో మరియొకరు పంట కోయుట చూచి ఆయన అసూయపడలేదు. ప్రభువును స్తుతించిరి. గొఱ్ఱెలు కాపరివి కావు, ప్రధాన కాపరివి. కాపరి లేనప్పుడును వాటికి మేత దొరకవలెను. ఈ పాఠమును ఆయన ఆ సంవత్సరము బాగుగా నేర్చుకొనిరి. మూడేండ్ల తరువాత ఆయన వ్రాసిన పట్టిక వెనుక ఈ పాఠమున్నదని మా నమ్మకము. ఇక ఈ బర్న్సు గారు తరువాత చీనా దేశమునకు మిషనెరీగా వెళ్లి అక్కడనే 1868లో మరణించిరి.

పఠన పట్టిక

ఉజ్జీవము వచ్చిన తరువాత దాని వేడి చల్లారకుండ కాపాడుట ఎట్లు? కన్నీళ్లు ఆరిపోవును. కూటములకు వచ్చువారు తగ్గుదురు. తన సంఘములో అనేకులు కొన్ని ప్రియమైన భాగములనే మరల మరల చదువుచు, దేవుని వాక్యములో పెద్ద భాగమును ఎరుగకయే యున్నారని మెక్‌షేన్ గారు గ్రహించిరి. 1842 డిసెంబరు చివర, క్రొత్త సంవత్సరపు కానుకగా, అనుదినాహారము అను పేరుతో ఒక పట్టికను తయారుచేసి సంఘమునకు ఇచ్చిరి.

దాని యేర్పాటు ఇట్లున్నది. దినమునకు నాలుగు భాగములు. రెండు కుటుంబ ప్రార్థనలోను, రెండు ఏకాంతములోను చదువవలెను. జనవరి 1న కుటుంబములో ఆదికాండము 1, మత్తయి 1. ఏకాంతములో ఎజ్రా 1, అపొస్తలుల కార్యములు 1. నాలుగును ఆరంభములే: లోకము పుట్టుట, రక్షకుడు పుట్టుట, చెర నుండి వచ్చిన ప్రజలు మరల నిలువబడుట, సంఘము పుట్టుట. డిసెంబరు 31 వచ్చునప్పటికి పాత నిబంధన ఒకమారు, క్రొత్త నిబంధనయు కీర్తనలును రెండు మారులు పూర్తియగును. బైబిలులో 1,189 అధ్యాయములున్నవి. ఈ విధముగా చదివినచో సుమారు 1,600 అధ్యాయములగును గనుక, చిన్న అధ్యాయములను, చిన్న కీర్తనలను కొన్ని దినములలో జతపరచిరి. శ్రద్ధగా చదివినచో రమారమి అరగంట పని.

లేవీయకాండము యొద్ద ఆగిపోవువారికి ఈ యేర్పాటులో గొప్ప సహాయమున్నది. బలుల విధులు చదువు దినముననే పత్రికలలో నుండియు భాగములు వచ్చును. ఒక చోట ఎముక గట్టిగా నున్నను మరియొక చోట పాలు దొరకును.

అయితే పట్టిక యిచ్చుటకు ముందే దానిలోని అపాయములను ఆయన దాచక చెప్పిరి. మొదటిది, చదువుట వట్టి ఆచారముగా మారుట. రెండవది, ఈ దినపు భాగము ముగించితిని గదాయని తృప్తిపడి, దానినే నీతిగా ఎంచుకొనుట. మూడవది, ఎక్కువ చదువవలెనను తొందరలో వాక్యమునకు వణకక పైపైన దాటిపోవుట. నాలుగవది, కొందరికి అది మోయలేని కాడియగుట. కాడిగా తోచినచో దానిని తీసివేసి, దేవుని తోటలో స్వేచ్ఛగా మేయుడని ఆయన సలహా. తాను కష్టపడి చేసిన పట్టికను అవసరమైనచో పారవేయుడని చెప్పగలిగిన వినయము ఎందరికుండును? భారము మోపుట కాదు, ఆహారము పెట్టుటయే ఆయన ఉద్దేశము.

మేలులను కూడ చెప్పిరి. యేడాదిలో బైబిలంతయు క్రమముగా చదువబడును. నేడు ఏమి చదువుదునా యని వెదకుటలో కాలము వృథా కాదు. తలిదండ్రులు పిల్లలను ప్రశ్నించుటకు దినదినము ఒక విషయము దొరకును. కుటుంబ యజమానుడు ఆ భాగమును ముందుగానే చదివి, ముఖ్యమైన రెండు మూడు వచనములు గురుతు పెట్టుకొని, పిల్లలను చిన్న ప్రశ్నలు అడుగవలెను. మంద ఏ పచ్చికలో మేయుచున్నదో కాపరికి తెలియును. అన్నిటికంటె మేలైనది, సంఘస్థులందరు ఒకే దినమున ఒకే వాగ్దానముపై ప్రార్థించుచు, ఒకే పాపపు ఒప్పుకోలుకు దుఃఖించుచు, దారిలో కలిసికొనినప్పుడు ఒకే వాక్యమును గూర్చి మాటలాడుకొందురు. మిల్లులో నూలువడకు స్త్రీకిని, అంగడి యజమానునికిని, రోగికిని, గురువుకును ఆ దినపు భోజనము ఒక్కటే. పంక్తి భేదము లేని భోజనమది.

ఎనుబది నాలుగు దినములు

1843 జనవరి 1 ఆదివారము. ఆ దినమున పఠనము ఆరంభమాయెను. ఫిబ్రవరిలో మెక్‌షేన్ గారు ఈశాన్య స్కాట్లండులో సువార్త యాత్రకు వెళ్లిరి. ఆయన మంచు దారులలో ఊరూర తిరుగుచుండగా, డండీలోని సంఘమునకును ఆయనకును ఆ దినపు అధ్యాయములు ఒక్కటే. తిరిగి వచ్చునప్పటికి పాస్టరేటులో టైఫస్ జ్వరము వ్యాపించియుండెను. ఇరుకు ఇండ్లలో, పేల మూలమున అంటుకొను ఆ వ్యాధి ఆ కాలమున ఎందరినో పొట్టనబెట్టుకొనెను. అలసట తీరకముందే ఆయన ఆ రోగుల యిండ్లకు వెళ్లిరి. మార్చి 12 ఆదివారము ప్రసంగించిరి. సెయింట్ పీటర్సులో అదే కడపటి ప్రసంగము. ఆ వారములోనే జ్వరము పట్టుకొనెను. సంఘస్థులు రాత్రింబగళ్లు కూడి ప్రార్థించిరి. జ్వరపు మైకములో కూడ ఆయన తన జనమును పేరుపేరున తలంచుకొని వారికొరకు ప్రార్థించుచుండిరి. మార్చి 25, శనివారము ఉదయమున, ప్రభువు తన సేవకుని పిలుచుకొనెను. ఇంకను 30 ఏండ్లు నిండలేదు.

ఆ దినము సంవత్సరములో 84వ దినము. పట్టిక ప్రకారము ఆనాటి కుటుంబ పఠనము నిర్గమకాండము 36, యోహాను 15. మరునాటి ఆదివారపు భాగము యోహాను 16. ద్రాక్షావల్లిలో నిలిచియుండుటను గూర్చిన అధ్యాయమును ఆయన మరణదినమున, తమ బోధకుడు వెళ్లిపోవుటచేత దుఃఖించు శిష్యుల కొరకైన అధ్యాయమును మరునాడు, ఆయన మందకు ఆయన చేతివ్రాతయే ముందుగా ఏర్పరచి యుంచెను. ఆయన అది ఎరుగడు, దేవుడెరుగును.

బైబిలు అంతటిని చదువుటకు పట్టిక వ్రాసిన మనుష్యుడు తన పట్టికలో నాలుగవ వంతైనను తన జనముతో చదువలేకపోయెను. మిగిలిన తొమ్మిది నెలల పఠనము గురువు లేని సంఘమునకు విడువబడెను. కాని అది ఆకలితో విడువబడిన సంఘము కాదు. గురువు పోయినను బల్లమీద భోజనము ఉండెను. ఏ దినమునకు ఆ దినము వడ్డించి యుండెను. సెయింట్ పీటర్సు ఆవరణములో ఆయనను సమాధి చేసిన దినమున వేలకొలది జనులు కూడిరి.

తరువాత రెండు నెలలలోనే, మే 18న, స్కాట్లండు సంఘములో గొప్ప చీలిక కలిగి, నాలుగు వందలకు పైగా గురువులు తమ జీతములను, ఇండ్లను వదలి బయటకు వచ్చిరి. ఆ ప్రయాసల మధ్యనే ఆండ్రూ బోనార్ గారు తన స్నేహితుని జీవిత చరిత్రను వ్రాసి 1844లో ప్రకటించిరి. అది అనేక ముద్రణలు పొందినది. పఠన పట్టిక కూడ డండీ ఎల్లలు దాటి లోకమంతట వ్యాపించినది. లండనులో పేరుగాంచిన ప్రసంగీకుడైన డాక్టరు మార్టిన్ లాయిడ్-జోన్సు గారు దానిని అనేక సంవత్సరములు అనుసరించిరి. ఆయన ద్వారా అది జాన్ స్టాట్ గారికి పరిచయమై, ఆయనకును జీవితకాలపు అలవాటాయెను.

మన సంగతి

1843లో డండీ సంఘము ఆదికాండము మొదలుకొని చదువుచుండగా, మన తెలుగువారి చేతిలో పూర్తి బైబిలు లేదు. క్రొత్త నిబంధన 1818 నాటికే తెలుగులో అచ్చయినది గాని, బైబిలు అంతయు మన భాషలో వెలువడుట 1850ల దశాబ్దములో జరిగినది. దానికొరకు మిషనెరీలును, మన దేశపు పండితులును పడిన శ్రమ ఇంతంత కాదు. అంతగా కష్టపడి సంపాదించిన గ్రంథములో మనము ఎన్ని పుటలు తెరువకుండ విడిచితిమో మనస్సాక్షిని అడిగి చూతము. మన తాతలు అనేకులు అక్షరములు రానివారే. అయినను సాయంకాల ప్రార్థనలో ఉపదేశిగారు చదువగా విని, కాండములకు కాండములు జ్ఞాపకముంచుకొనిరి. మనకు చదువు వచ్చినది, ఆకలి తగ్గినది.

కనుక ఈ శతవార్షికమున మేము సంఘమునకు విన్నవించునది ఒక్కటి. ఒంటరిగా గాక, సంఘముగా చదువుదము. ఒంటరిగా మొదలుపెట్టినవాడు ఆగిపోయినచో అడుగువారుండరు. ఇంటిలో భార్య భర్తను అడిగినచో, పిల్లవాడు తండ్రిని అడిగినచో, గుడి మెట్లమీద పొరుగువాడు పలుకరించినచో, ఆగినవాడు లేచి నడచును. నాలుగు అధ్యాయములు భారమనుకొనువారు ఈ యేడు కుటుంబపు రెండు వరుసలు, వచ్చే యేడు ఏకాంతపు రెండు వరుసలు చదువవచ్చును; రెండేండ్లలో అంతయు పూర్తియగును. తప్పిపోయిన దినములను గూర్చి దిగులుపడవద్దు. నిన్న భోజనము మానినవాడు నేడు రెండు దినముల అన్నము ఒక్కసారి తినడు; నేటిది నేడు తినును. సంఘము నేడు ఎక్కడ నున్నదో అక్కడ వచ్చి కలిసికొనుడు. చదువురానివారికి చదివి వినిపించుట పిల్లల పనిగా పెట్టుడు. చేతి ఫోనులలో వాక్యము వినిపించు సౌకర్యము నేడు కలదు, అదియు మంచిదే. గాని మనుమడు చదువగా అవ్వ వినుటలో నున్న మేలు వేరు.

గురువులమైన మేమును ఒక మాట యిచ్చుచున్నాము. మీరు చదువు భాగములనే మేమును చదువుదుము. మమ్మును ఎప్పుడైనను, ఎక్కడైనను, ఈ దినము ఏమి చదివితిరని అడుగుటకు మీకు అధికారమున్నది.

మొదట చెప్పిన అవ్వ సంగతి ముగించెదము. ఆ సాయంకాలము తరువాత పొరుగింటి బాలిక ఒకతె ఆమెకు చదువుటకు ఒప్పుకొనెను. రాజుల గ్రంథములు, దినవృత్తాంతములు, యోబు, కీర్తనలు ముగిసినవి. మేము వెళ్లినప్పుడెల్ల ఆమె ప్రశ్నలు సిద్ధముగా నుండెడివి. ఆమెకు జవాబు చెప్పుటకొరకైనను మేము ముందుగా చదువుకొని వెళ్లుచుంటిమి. యిర్మీయా నడుమ నుండగా ఆమె ప్రభువునందు నిద్రించెను. ఆమె బైబిలు ముగింపలేదు. మెక్‌షేన్ గారును ఆ సంవత్సరపు పట్టిక ముగింపలేదు. ముగించుట మన చేతిలో లేదు. నేటి భాగమును నేడు చదువుట మన చేతిలోనున్నది.

రెండవ నూరేండ్లలో అడుగుపెట్టుచున్న మన సంఘమును ప్రభువు తన వాక్యముచేత పోషించి స్థిరపరచును గాక. ఆమేన్.